లేని రాయిని దాటితే నిజమైన నడక వస్తుందా?

ఇవాళ పొద్దున్న నిద్ర లేచింది మొదలు ఇప్పటిదాకా మీరు ఎన్ని అడుగులు వేసి ఉంటారు? వెయ్యా, రెండు వేలా? లెక్కపెట్టి ఉండరు. లెక్కపెట్టాలన్న ఆలోచన కూడా వచ్చి ఉండదు. పక్కవాడితో కబుర్లు చెబుతూ, వేరుశనక్కాయలు వొలుచుకుంటూ, మెట్లెక్కి తరగతిలోకి వచ్చేస్తాం. కాళ్ల పని కాళ్లు చేసుకుపోతాయి. అందుకే నడక చాలా తేలికైన పని అని మనకొక నమ్మకం.

కాని ఏడాది నిండిన పిల్లవాణ్ణి చూడండి. ఒక అడుగు వేయడానికి ఎంత పాటుపడతాడో! పడతాడు, లేస్తాడు, మళ్లీ పడతాడు. నెలల తరబడి సాధన చేస్తేగాని నడక పట్టుబడదు. ఆ పాఠం మెదడులో ఒకసారి అచ్చుపడిన తరువాత మనం దాన్ని మరచిపోతాం. మరి ఆ అచ్చు చెదిరిపోతే? అరవై ఏళ్ల తాతగారు ఒకనాటి ఉదయం లేచి చూసుకునేసరికి కుడికాలు మాట వినకపోతే? ఆయన ఆ పాఠాన్ని మళ్లీ మొదటినుంచీ నేర్చుకోవాలి. అలా నేర్చుకునేవారికి ఈ మధ్య ఒక విచిత్రమైన సాయం దొరుకుతున్నది. నేలమీద లేని రాళ్లను, లేని గీతలను ఉన్నట్టుగా చూపించి, వాటిమీద అడుగులు వేయించడం! ఇదేదో గారడీలా ఉన్నదే అంటారా? గారడీ కాదు, విజ్ఞానశాస్త్రమే. ఇందులో భౌతికశాస్త్రం కొంత, జీవశాస్త్రం కొంత కలిసి ఉన్నాయి. వరుసగా చూద్దాం.

ఒక్క అడుగులో ఎన్ని పనులు?

లేచి నిలబడి, నెమ్మదిగా నాలుగడుగులు వేసి మీ కాళ్లను మీరే గమనించండి. కుడి మడమ నేలను తాకినప్పటినుంచి మళ్లీ అదే మడమ నేలను తాకేదాకా ఒక ఆవృత్తి అనుకుందాం. అందులో సుమారు 60 శాతం కాలం ఆ పాదం నేలమీద ఉంటుంది. మిగిలిన 40 శాతం కాలం గాలిలో ఊగుతూ ముందుకు వస్తుంది. అలా ఊగేటప్పుడు తుంటి, మోకాలు, చీలమండ మూడూ తగుమాత్రం వంగాలి. బొటనవేలు నేలకు ఎంత ఎత్తులో వెళుతుందో తెలుసా? ఒకటి రెండు సెంటీమీటర్లు మాత్రమే! అంటే మన నడకకూ, తట్టుకొని పడిపోవడానికీ మధ్య ఉన్న దూరం వేలెడు కూడా లేదన్నమాట.

ఈ పనినంతా నడిపించేది నాడీమండలం. మస్తిష్కం ఆజ్ఞ ఇస్తుంది. అనుమస్తిష్కం తూకం చూస్తుంది. వెన్నుపాము ఆజ్ఞలను కండరాలకు చేరవేస్తుంది. కళ్లు ముందున్న నేలను చదువుతూ, ఇంకా రెండడుగుల దూరంలో ఉన్న గుంతను ముందే పసిగట్టి కబురు పంపుతాయి. గతుకుల దారిలో నడిచేటప్పుడు మన చూపు పాదాల మీద కాక, కాస్త ముందు నేలమీద ఉండడానికి కారణం ఇదే.

ఒక పక్క ఎందుకు చచ్చుబడుతుంది?

మన మెదడు బరువు శరీరం బరువులో సుమారు 2 శాతమే. కాని శరీరం వాడుకునే ప్రాణవాయువులో సుమారు 20 శాతం దానికే కావాలి. అది దాచుకుని వాడుకునే రకం కాదు, క్షణక్షణమూ రక్తం అందుతూ ఉండవలసిందే. మెదడుకు పోయే ఒక రక్తనాళంలో గడ్డ అడ్డుపడినా, ఆ నాళం చిట్లినా అంతవరకు రక్తం అందుకుంటున్న భాగం దెబ్బతింటుంది. దీనినే ఇంగ్లీషులో స్ట్రోక్ అంటారు. మనవాళ్లు పక్షవాతం అన్నారు. పక్షం అంటే ఒక పక్క. ఒక పక్కనే పట్టుకుంటుంది కనుక ఆ పేరు అతికినట్టు సరిపోయింది.

ఒక పక్కనే ఎందుకు? మెదడునుంచి దిగివచ్చే ఆజ్ఞల నాడులు మజ్జాముఖం దగ్గర చాలావరకు అటువి ఇటు, ఇటువి అటు దాటుతాయి. అందుచేత ఎడమ అర్ధగోళం దెబ్బతింటే కుడి చెయ్యి, కుడి కాలు పడిపోతాయి. కుడి అర్ధగోళం దెబ్బతింటే ఎడమవైపు పడిపోతుంది.

నష్టం ఎంత వేగంగా జరుగుతుందో 2006లో జెఫ్రీ సేవర్ అనే అమెరికన్ వైద్యుడు లెక్కకట్టాడు. పెద్ద రక్తనాళం మూసుకుపోయి, చికిత్స అందకపోతే నిమిషానికి సుమారు 19 లక్షల నాడీకణాలు నశిస్తాయట! మన మెదడులో ఉన్నవి సుమారు 8,600 కోట్లు. అంత ఉన్నా, నిమిషానికి 19 లక్షల చొప్పున పోతూంటే గంటలు గడిచేసరికి ఎంత మిగులుతుందో మీరే గుణించి చూసుకోండి.

ప్రాణం దక్కిన తరువాత అసలు పరీక్ష మొదలవుతుంది. చాలామందికి పాదం ముందుభాగం పైకి లేవదు, వేలాడిపోతుంది. వేళ్లు నేలకు రాసుకోకుండా ఉండాలని కాలిని పక్కకు తిప్పి, అర్ధచంద్రాకారంగా విసురుతూ వేస్తారు. కండరాలు కొన్ని బిగుసుకుంటాయి, కొన్ని సడలిపోతాయి. బరువంతా మంచి కాలిమీదనే మోపుతారు. పడిపోతామన్న భయం ఒకటి. ఆ భయంతో నడక తగ్గుతుంది, నడక తగ్గితే బలం తగ్గుతుంది, బలం తగ్గితే భయం మరింత పెరుగుతుంది.

వేగం కొలిస్తే సంగతి తెలుస్తుంది

మామూలుగా నడిచే పెద్దవాళ్ల వేగం సెకనుకు సుమారు 1.2 నుంచి 1.4 మీటర్లు. 1995లో జాక్వెలిన్ పెర్రీ అనే అమెరికన్ వైద్యురాలు, ఆమె సహచరులు పక్షవాతం వచ్చినవారి నడకవేగాన్ని కొలిచి, దానికీ వారి జీవితానికీ ఉన్న సంబంధాన్ని తేల్చారు. సెకనుకు 0.4 మీటరుకన్నా తక్కువ వేగం ఉన్నవారు దాదాపు ఇంటికే పరిమితమైపోతున్నారు. 0.4కూ 0.8కూ మధ్య ఉన్నవారు బయటికి కొంతమేరకు వెళ్లగలుగుతున్నారు. 0.8 దాటినవారు ఊళ్లో మామూలుగా తిరగగలుగుతున్నారు.

ఇందులో ఒక చిన్న లెక్క చేద్దాం. 8 మీటర్ల వెడల్పున్న రోడ్డు దాటాలి. సెకనుకు 1.2 మీటర్ల వేగంతో నడిచే మీకు 7 సెకన్లలోపే చాలు. 0.4 మీటరు వేగంతో నడిచే తాతగారికి 20 సెకన్లు పడుతుంది. ఆ 20 సెకన్లలో మలుపు తిరిగి ఒక లారీ రావచ్చు. చూశారా, దశాంశ బిందువు తరువాత ఉన్న ఒక్క అంకె ఒక మనిషి తన కాళ్లమీద తాను సంతకు పోగలడా, లేక గుమ్మం దగ్గరే కూర్చుండిపోవాలా అనేదాన్ని నిర్ణయిస్తున్నది!

మెదడు మళ్లీ చదువుకుంటుందా?

చచ్చిపోయిన నాడీకణం తిరిగి బతకదు. మరి పోయిన నడక ఎలా తిరిగివస్తుంది? ఎదిగిన మెదడులో నాడీమార్గాలు ఇక మారవని ఒకప్పుడు మహామహులు కూడా భావించారు. 1906లో నోబెల్ బహుమతి అందుకున్న స్పెయిన్ శాస్త్రజ్ఞుడు రామోన్ ఇ కహాల్ అభిప్రాయం కూడా దాదాపు అదే. తరువాతి పరిశోధనలు ఆ అభిప్రాయాన్ని మార్చాయి.

అమెరికాలో రాండాల్ఫ్ నూడో అనే శాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులు కోతులమీద చేసిన ప్రయోగాన్ని 1996లో ప్రకటించారు. చేతిని కదిలించే మెదడుభాగంలో చిన్న ప్రాంతం దెబ్బతిన్న కోతులకు ఆ చేతితోనే ఆహారపు ముక్కలు తీసుకునే శిక్షణ ఇచ్చారు. దెబ్బతిన్న చోటికి పక్కనే ఉండి, చేతిని నడిపిస్తున్న భాగం ఆ శిక్షణవల్ల కుంచించుకుపోకుండా నిలబడింది. కొన్ని కోతులలో చేతి పని పొరుగు ప్రాంతాలకు కూడా విస్తరించింది. ఒక ఉపాధ్యాయుడు సెలవు పెడితే పక్క తరగతి ఉపాధ్యాయుడు రెండు తరగతులూ చూసుకున్నట్టు! అయితే ఒక షరతు ఉన్నది. శిక్షణ ఉండాలి. ఊరికే కూర్చుంటే ఈ మార్పు రాదు.

ఎంత శిక్షణ? ఇక్కడే అసలు చిక్కు. అమెరికాలో కాథరిన్ లాంగ్ అనే పరిశోధకురాలు, ఆమె సహచరులు పక్షవాతం రోగుల వ్యాయామ చికిత్సను పక్కన కూర్చుని లెక్కపెట్టి, 2009లో ఫలితాలు ప్రకటించారు. నడక నేర్పే చికిత్సలో ఒక్కో పూట రోగి వేస్తున్న అడుగులు సగటున 357 మాత్రమే! నడక నేర్చుకునే పసివాడు రోజుకు వేల అడుగులు వేస్తాడు. ఎక్కడి వేలు, ఎక్కడి 357? అంటే రోగిచేత ఎక్కువ అడుగులు వేయించాలి. విసుగు పుట్టకుండా వేయించాలి. పడిపోకుండా వేయించాలి. కేవలం చదునైన గచ్చుమీద కాక, గతుకులకు, గడపలకు పనికివచ్చే అడుగులు వేయించాలి.

నేలమీది గీతలు

ఈ సమస్యకు ఒక దారి పాత వైద్యుల అనుభవంలోనే కనిపించింది. పార్కిన్సన్ వ్యాధి అని ఒకటి ఉన్నది. ఆ రోగులలో కొందరికి నడుస్తూ నడుస్తూ కాళ్లు నేలకు అతుక్కుపోయినట్టు ఆగిపోతాయి. కాని నేలమీద అడ్డంగా గీతలు గీస్తే ఆశ్చర్యంగా వాటిని దాటుకుంటూ నడిచిపోతారు! ఇంగ్లండు వైద్యుడు పర్డన్ మార్టిన్ 1967లో ప్రచురించిన పుస్తకంలో దీన్ని వివరించాడు.

పక్షవాతం వేరు, పార్కిన్సన్ వేరు. రెంటినీ కలపకూడదు. అయినా ఇందులో మనకు పనికివచ్చే సూత్రం ఒకటి ఉన్నది. “మోకాలు వంచు, పాదం ఎత్తు” అని శరీరం గురించి చెప్పినప్పటికంటే, “ఆ గీత దాటు” అని ఎదురుగా ఒక గురి చూపినప్పుడు చాలామందికి కదలిక సులువుగా వస్తుంది. గోళీలాటలో మీరు వేలు ఎంత వంచాలో ఆలోచించరు కదా? గోళీనే చూస్తారు. అలాగే అడుగుకు కూడా కంటికి ఒక గురి కావాలి.

అయితే గచ్చుమీద గీసిన సుద్దగీత కదలదు. ఇవాళ 30 సెంటీమీటర్ల అడుగు వేసినవారు వచ్చేవారం 40 వేయాలంటే గీతలన్నీ చెరిపి మళ్లీ గీయాలి. ఇటుక అడ్డం పెడితే కాలికి తగిలి పడవచ్చు. కదిలే గీత, మారే గీత, తగిలినా దెబ్బ తగలని ఇటుక ఉంటే ఎంత బాగుండును! అవే ఇప్పుడు దొరుకుతున్నాయి. ఉన్న లోకాన్ని అలాగే చూడనిస్తూ, దానిమీద లేని వస్తువులను జతచేసి చూపించే ఈ పద్ధతిని ఆగ్మెంటెడ్ రియాలిటీ అంటారు. ఆగ్మెంట్ చేయడమంటే ఉన్నదానికి మరికొంత చేర్చడం.

మీరే చేసి చూడండి: నీళ్లలో వెలిగే కొవ్వొత్తి

దీని సూత్రం తెలుసుకోవడానికి ఒక గాజుపలక, ఒకే ఎత్తున్న రెండు కొవ్వొత్తులు, ఒక గాజుగ్లాసు చాలు. పలక అంచులకు కాగితం అంటించండి, చేతులు తెగకుండా. పెద్దవారిని దగ్గర ఉంచుకోండి.

చీకటిగదిలో బల్లమీద గాజుపలకను నిటారుగా నిలబెట్టండి. పలకకు ఇవతల 20 సెంటీమీటర్ల దూరంలో ఒక కొవ్వొత్తి వెలిగించండి. అవతల సరిగ్గా 20 సెంటీమీటర్ల దూరంలో, దానికి ఎదురుగా వెలిగించని కొవ్వొత్తి పెట్టండి. ఇవతలనుంచి పలకలోకి చూడండి. వెలిగించని కొవ్వొత్తి వెలుగుతూ కనిపిస్తుంది! ఇప్పుడు దాన్ని గ్లాసులో నిలబెట్టి నీళ్లు పోయండి. ఎత్తు సరిపోయేటట్టు ఇవతలి కొవ్వొత్తి కింద కూడా ఏదైనా పెట్టండి. నీళ్లలో దీపం వెలుగుతున్నట్టే ఉంటుంది.

ఎందుకిలా? గాజు కొంత కాంతిని తనలోంచి పోనిస్తుంది, కొంత కాంతిని పరావర్తనం చేస్తుంది. పోనిచ్చిన కాంతివల్ల అవతలి గ్లాసు కనిపిస్తున్నది. పరావర్తనం చెందిన కాంతివల్ల ఇవతలి జ్వాల ప్రతిబింబం కనిపిస్తున్నది. సమతల దర్పణంలో మిథ్యాప్రతిబింబం వస్తువు ఎంత ముందు ఉంటే అంత వెనుక ఏర్పడుతుందని మీరు చదువుకున్నారు. అందుకే జ్వాల సరిగ్గా 20 సెంటీమీటర్ల వెనుక ఉన్నట్టు తోస్తుంది. ఉన్న గ్లాసుమీద లేని దీపం! 1862లో లండనులో పెప్పర్ అనే రసాయనశాస్త్ర ఉపన్యాసకుడు ఈ సూత్రంతోనే పెద్ద గాజుపలక ఏర్పాటు చేసి రంగస్థలంమీద దయ్యాన్ని చూపించి జనాన్ని అదరగొట్టాడు.

దయ్యంనుంచి కళ్లజోడుకు

ఆ గాజుపలకను చిన్నది చేసి కళ్లముందు తగిలించుకుంటే? కొవ్వొత్తికి బదులు చిన్న తెరమీద కంప్యూటర్ గీసిన బొమ్మ పెడితే? 1968లో అమెరికాలో ఐవాన్ సదర్లాండ్ అనే శాస్త్రజ్ఞుడు అటువంటి పరికరాన్ని వివరించాడు. సగం పారదర్శకమైన అద్దాలగుండా గది కనిపిస్తూనే ఉంటుంది, గదిలో తేలుతూ గీతలతో గీసిన పెట్టెబొమ్మ కూడా కనిపిస్తుంది. ఆ పరికరం బరువుగా ఉండడంతో ఇంటికప్పునుంచి వేలాడదీశారు. తరువాత బోయింగ్ విమానాల సంస్థలో పనిచేసే టామ్ కాడెల్, డేవిడ్ మైజెల్ విమానాల్లో తీగలు అమర్చే కార్మికులకు ఏ తీగ ఎటు పోవాలో కళ్లముందే చూపించే పద్ధతిని 1992లో ప్రతిపాదించారు. ఆగ్మెంటెడ్ రియాలిటీ అన్న పేరు వారి ద్వారానే వాడుకలోకి వచ్చింది. 2016లో మైక్రోసాఫ్ట్ సంస్థ హోలోలెన్స్ అనే కళ్లజోడును విడుదల చేసింది. దాని తయారీ 2024లో ఆగిపోయినా, అటువంటివి మరికొన్ని వచ్చాయి.

ఈ కళ్లజోడుకు ఒక కష్టమైన పని ఉన్నది. మీరు తల తిప్పినా లేని రాయి కదలకుండా నేలమీద తన చోటనే ఉన్నట్టు కనిపించాలి. అందుకోసం అందులోని కెమెరాలు, భ్రమణాన్ని కొలిచే సాధనాలు తల ఎటు తిరిగిందో ఎప్పటికప్పుడు కొలుస్తాయి. కంప్యూటర్ బొమ్మను ఆ ప్రకారం జరుపుతుంది. ఆలస్యమైతే? తల సెకనుకు 50 డిగ్రీల వేగంతో తిరుగుతున్నది, యంత్రం పదోవంతు సెకను ఆలస్యం చేసింది అనుకోండి. బొమ్మ 5 డిగ్రీలు తప్పుతుంది. 2 మీటర్ల దూరంలో 5 డిగ్రీలంటే సుమారు 17 సెంటీమీటర్లు! రాయి నేలమీద జారిపోతున్నట్టు కనిపిస్తుంది. తూకం నిలుపుకోలేని మనిషికి అది మేలుకన్నా కీడే చేస్తుంది.

పట్టామీద వెలుగు రాళ్లు

కళ్లజోడు లేకుండా కూడా ఈ పని చేయవచ్చు. నెదర్లాండ్స్‌లో ఆమ్‌స్టర్‌డామ్ వ్రయె విశ్వవిద్యాలయం శాస్త్రజ్ఞుల కృషితో సి-మిల్ అనే యంత్రం తయారైంది. అది ఒక ట్రెడ్‌మిల్, అంటే కాళ్లకింద తిరుగుతూ ఉండే వెడల్పాటి పట్టా. పట్టా కింద బలాన్ని కొలిచే సాధనాలుంటాయి. రోగి ఏ పాదం ఎక్కడ, ఎప్పుడు మోపుతున్నాడో అవి పసిగడతాయి. ఒక ప్రొజెక్టరు పట్టామీద వెలుగుతో పలకలు గీస్తుంది. రోగి ఆ పలకలమీద కాలు వేయాలి, వాగులో రాళ్లమీద దాటినట్టు. మధ్యలో ఒక వెలుగు అడ్డంకి ఎదురొస్తుంది. దాన్ని తొక్కకుండా దాటాలి. తొక్కినా నష్టం లేదు, అది వెలుగే కదా! ఒంటికి కట్టిన పట్టీలు పడిపోకుండా ఆపుతాయి.

ఇందులో ఉన్న తెలివి ఏమిటంటే, యంత్రం ముందుగా రోగి సొంత అడుగును కొలుస్తుంది. ఎడమకాలిది 45 సెంటీమీటర్లు, కుడికాలిది 30 అనుకుందాం. పలకలు మొదట అలాగే పడతాయి. తరువాత కుడికాలి పలకను 32కు, 34కు కొద్దికొద్దిగా జరుపుతారు. రోజూ కాస్త కష్టం, కాని సాధ్యమైన కష్టం. మంచి ఉపాధ్యాయుడు లెక్కలు నేర్పే పద్ధతి కూడా ఇదే కదా?

పరీక్షకు నిలిచిందా?

కొత్త యంత్రం చూడగానే చప్పట్లు కొట్టడం శాస్త్రదృష్టి కాదు. “పాతదానికంటే మేలా? ఎంత మేలు? ఎవరికి?” అని అడగాలి. అడిగినవారు ఉన్నారు.

అమెరికాలో పాలో ఆల్టోలో డేవిడ్ జాఫీ, ఆయన సహచరులు చేసిన ప్రయోగం 2004లో వెలువడింది. పక్షవాతం వచ్చి నడక కుంటుపడిన 20 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టు నేలమీద నురుగుతో చేసిన నిజమైన అడ్డంకులు దాటింది. రెండో జట్టు ట్రెడ్‌మిల్‌మీద నడుస్తూ, తలకు తగిలించిన తెరలో తమ కాళ్లను, వాటిముందు కంప్యూటర్ గీసిన అడ్డంకులను చూస్తూ దాటింది. రెండు వారాల్లో 6 పూటల శిక్షణ. రెండు జట్లకూ నడక మెరుగైంది. త్వరగా నడవమన్నప్పటి వేగం మాత్రం లేని అడ్డంకులు దాటిన జట్టుకే ఎక్కువ పెరిగింది. అయితే 20 మంది చాలా తక్కువ. పైగా ఒకరు నేలమీద, మరొకరు ట్రెడ్‌మిల్‌మీద నడిచారు. మేలు చేసినది బొమ్మా, పట్టా? ఈ ప్రయోగం ఒక్కటే దాన్ని తేల్చలేదు. ఒకేసారి రెండు చలరాశులు మారితే కారణం చెప్పలేమని మీ ప్రయోగశాలలో నేర్చుకున్నదే ఇది.

నెదర్లాండ్స్‌లో 40 మందితో జరిగిన పోలికప్రయోగం ఫలితాలు 2021లో వచ్చాయి. ఒక జట్టుకు సి-మిల్ శిక్షణ, మరొక జట్టుకు మామూలు నేలమీద నిజమైన అడ్డంకులతో శిక్షణ. శాస్త్రజ్ఞులు యంత్రం గెలుస్తుందని ఊహించారు. మొత్తంమీద చూస్తే నడకవేగంలో యంత్రం రెండోదాన్ని మించిందని నిరూపణ కాలేదు. ఊహ తప్పినా ఫలితాన్ని ఉన్నది ఉన్నట్టు ప్రకటించారు. శాస్త్రానికి అదే మర్యాద.

కంప్యూటర్ సృష్టించే దృశ్యాలతో పక్షవాతానికి ఇచ్చే చికిత్సలన్నింటినీ కలిపి కోక్రేన్ అనే సమీక్షా సంస్థ 2017లో ఒక సమీక్ష వెలువరించింది. అందులో 72 ప్రయోగాలు, 2,470 మంది రోగులు. నడకవేగం విషయంలో మామూలు చికిత్సకంటే ఇది స్పష్టంగా మేలని చెప్పడానికి ఆధారం కనిపించలేదని తేల్చింది.

అయితే ఇదంతా వృథా అనుకోవాలా? అనుకోనక్కరలేదు. “మించలేదు” అనడం వేరు, “పనిచేయలేదు” అనడం వేరు. లేని రాళ్లమీద నడిచినవారూ మెరుగైనారు, నిజమైన ఇటుకలు దాటినవారూ మెరుగైనారు. ఇద్దరికీ ఉమ్మడిగా ఉన్నదేమిటి? గురి చూసి, మళ్లీ మళ్లీ, రోజురోజుకూ కాస్త కష్టం పెంచుకుంటూ అడుగులు వేయడం. వైద్యం ఆ అడుగులలో ఉన్నది. యంత్రం చేయగలిగినదల్లా ఆ అడుగులను ఎక్కువ చేయడం, కొలిచి చూపించడం, విసుగు తగ్గించడం, భయం తగ్గించడం. మరోవిధంగా చెప్పాలంటే, యంత్రం లేని ఊరివారు కూడా నిరాశపడనక్కరలేదు.

ఇంకా తీరని చిక్కులు

కళ్లజోళ్లలో ఇంకా లోపాలున్నాయి. మొదటి హోలోలెన్స్‌లో బొమ్మ కనిపించే వెడల్పు సుమారు 30 డిగ్రీలే. పాదాల దగ్గరి రాయిని చూడాలంటే తల బాగా వంచాలి. తల వంచి నడిస్తే తూకం తప్పుతుంది. మెదడు కుడివైపు దెబ్బతిన్న కొందరు ఎడమవైపు ఉన్నవాటిని అసలు పట్టించుకోరు. కళ్లు బాగానే ఉన్నా మెదడు ఆ పక్కను వదిలేస్తుంది. కొందరికి చూపులో సగభాగమే పోతుంది. అటువంటివారికి ఈ బొమ్మలను చూసి చూసి ఎన్నిక చేయాలి. ఖరీదు సంగతి చెప్పనే అక్కరలేదు.

మీరు చేయగలిగినవి రెండు

మొదటిది: గుర్తుపట్టడం. నవ్వమంటే మూతి ఒక పక్కకు పోతున్నదా? రెండు చేతులూ ఎత్తమంటే ఒకటి జారిపోతున్నదా? మాట ముద్దగా వస్తున్నదా? ఈ మూడింటిలో ఏ ఒక్కటి హఠాత్తుగా కనిపించినా వెంటనే 108కి ఫోను చేయాలి. ఈ సేవ 2005లో హైదరాబాదులో మొదలైంది. లక్షణాలు మొదలైన గడియ గుర్తుపెట్టుకుని వైద్యుడికి చెప్పండి. గడ్డవల్ల వచ్చిన పక్షవాతానికి, ఆ గడ్డను కరిగించే మందును సాధారణంగా నాలుగున్నర గంటల్లోపు ఇవ్వాలి. దానికి ముందు సి.టి. స్కాన్ తీసి, రక్తనాళం చిట్లలేదని తేల్చుకోవాలి. కనుక మింగడానికి ఏమీ ఇవ్వకుండా, స్కాన్ ఉన్న ఆసుపత్రికి చేర్చండి. పసర్లు పోయడం, పావురం నెత్తురు పూయడం వంటి వాటికోసం తిరిగే ప్రతి నిమిషానికీ పోయే నాడీకణాలెన్నో పైన చదివారు కదా!

రెండవది: కొలవడం. బడి వరండాలో 14 మీటర్ల తిన్నని దారి కొలవండి. మొదటి 2 మీటర్లు, చివరి 2 మీటర్లు వదిలి, మధ్య 10 మీటర్లు నడవడానికి పట్టిన కాలాన్ని గడియారంతో చూడండి. 10ని ఆ సెకన్లతో భాగిస్తే వేగం వస్తుంది. ముందు మామూలుగా నడవండి. తరువాత 50 సెంటీమీటర్లకు ఒకటి చొప్పున సుద్దగీతలు గీసి, ప్రతి గీతమీదా ఒక అడుగు పడేటట్టు నడవండి. తరువాత 13 నుంచి వెనక్కు 3, 3 తగ్గిస్తూ లెక్కపెట్టడం కాదు, 100 నుంచి 7, 7 తగ్గిస్తూ లెక్కపెడుతూ నడవండి. మూడు వేగాలనూ పట్టికలో రాయండి. నడకకు మెదడు ఎంత శ్రద్ధ పెడుతున్నదో అంకెలే చెబుతాయి.

మీ ఇంట్లోనో, వీధిలోనో పక్షవాతంనుంచి కోలుకుంటున్నవారు ఉంటే ఈ పరీక్ష వారిచేత మీ అంతట మీరు చేయించకండి. ఫిజియోథెరపిస్టు చెప్పిన వ్యాయామమే చేయించాలి. ఎన్ని అడుగులు, ఎంత దూరం, ఏ సాయంతో అన్నది ఆయనే చెబుతాడు. మీరు పక్కన నడవండి. అడుగులు లెక్కపెట్టి పుస్తకంలో రాయండి. నిన్న 120, ఇవాళ 135 అని సాయంత్రం చదివి వినిపించండి. లెక్క పెరుగుతున్నదని తెలిస్తే రేపటి అడుగుకు హుషారు వస్తుంది. అది చెప్పడానికి కళ్లజోడు అక్కరలేదు, పక్కన ఒక మనిషి ఉంటే చాలు.